అటక మీది రాక్ టేపులు, ఎల్‌పీలు మళ్ళీ పాడాలంటే

అటక మీంచి పెట్టె దింపగానే ఎవరైనా ముందు చేసే పని పైన ఉన్న రికార్డు తీసి ప్లేయర్ మీద పెట్టడం. ఆ పని ఆఖర్న చేయాలి. దుమ్ము పట్టిన గాడిలో సూది దించితే ఆ దుమ్మే ఆకురాయిలా పనిచేసి గాడినీ సూదినీ అరగదీస్తుంది. బూజు పట్టిన క్యాసెట్‌ను డెక్‌లో (క్యాసెట్ ప్లేయర్‌లో) పెడితే బూజు హెడ్‌కు (టేపును చదివే భాగానికి) అంటుకుని, తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది.

బెంగళూరులో రెండు తరాలుగా స్థిరపడ్డ తెలుగు ఇళ్ళలో ఇలాంటి పెట్టెలు చాలానే ఉంటాయి. కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఫ్యాక్టరీలో అచ్చయిన బీటిల్స్, క్లిఫ్ రిచర్డ్ రికార్డులు, బాల్‌పెన్నుతో పేర్లు రాసిన సోనీ, టీడీకే క్యాసెట్లు, కాలేజీ ఫెస్టులో స్పీకర్ల ముందు నిలబడి రికార్డు చేసిన టేపులు, బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్ కచేరీల టికెట్టు ముక్కలు అన్నీ కలిసిపోయి ఉంటాయి. వీటిలో దేన్ని ముందు కాపాడాలో తేల్చుకున్నాకే పనిలోకి దిగాలి.

ఏది ముందు

పేరున్న బ్యాండు ఎల్‌పీ అరిగిపోతే ఆ పాటలు ఇంకోచోట దొరుకుతాయి. 1988లో ఏదో కాలేజీ మైదానంలో పాడిన కుర్రాళ్ళ బ్యాండు టేపు మాత్రం ప్రపంచం మొత్తం మీద ఒక్కటే ఉంటుంది, అది మీ పెట్టెలోనే ఉంది. అందుకని మొదటి వరుసలో కచేరీల్లో, ఇళ్ళల్లో, ప్రాక్టీసు గదుల్లో సొంతంగా రికార్డు చేసిన క్యాసెట్లు పెట్టండి. మద్రాస్ ఐఐటీలో చదివినవాళ్ళ దగ్గర మార్డి గ్రా టేపులు ఉండే అవకాశం ఉంది. ఇప్పుడు సారంగ్ అని పిలుస్తున్న ఫెస్టుకు పాత పేరు అదే. రెండో వరుస రేడియో నుంచి రికార్డు చేసినవి. మూడోది మన దేశపు బ్యాండ్ల రికార్డులు. ఉదాహరణకు సిమ్లా సిగరెట్ల పేరిట జరిగిన సిమ్లా బీట్ పోటీ బ్యాండ్లతో 1970, 71ల్లో వచ్చిన ఎల్‌పీలు. అసలు ప్రతులు అరుదు కాబట్టి శుభ్రం చేయడం నేర్చుకునే ప్రయోగాలు వాటి మీద చేయకండి. మిగతా విదేశీ ఎల్‌పీలు, అచ్చయిన క్యాసెట్లు ఎప్పుడు చేసినా ఫర్వాలేదు.

ఎల్‌పీలు అందంగా ఉంటాయి, చేతికి హాయిగా ఉంటాయి, అందుకే అందరూ వాటితో మొదలుపెడతారు. ఈలోపు టేపు మీది అయస్కాంతపు పూత మరో వానాకాలం చూస్తుంది.

క్యాసెట్‌ను పరీక్షించడం

క్యాసెట్‌ను వెలుతురులో పట్టుకుని కిటికీలోంచి టేపు చుట్ట అంచు చూడండి. నునుపుగా, ఒకే రంగులో ఉంటే మంచిదే. తెల్లని పొడి, మచ్చలు కనిపిస్తే బూజు. దాన్ని జిప్ కవర్లో విడిగా పెట్టి అన్నిటికన్నా చివర చూడండి. టేపు అంచులు మెట్లు మెట్లుగా ఉంటే చుట్ట ఒదులుగా ఉన్నట్టు.

తర్వాత కింద తెరిచి ఉన్న చోట, టేపు వెనక ఉండే చిన్న ఫెల్టు ముక్క చూడండి. ప్రెషర్ ప్యాడ్ అంటే అదే. కొన్నిటిలో అది రాగి రేకు స్ప్రింగు మీద ఉంటుంది, కొన్నిటిలో స్పాంజి మీద అంటించి ఉంటుంది. స్పాంజిది పొడైపోయి ఊడిపోతుంది. అది లేకపోతే టేపు హెడ్‌కు గట్టిగా ఆనదు, శబ్దం మూసుకుపోయినట్టు, వస్తూ పోతూ ఉంటుంది. టేపే పాడైందనుకుని చాలామంది ఇక్కడే ఆశ వదిలేస్తారు. పనికిరాని క్యాసెట్ ఒకటి విప్పి, దాని రేకు ప్యాడ్ తీసి ఇందులో పెడితే సరిపోతుంది. ఐదు స్క్రూలున్న క్యాసెట్టయితే విప్పడం తేలిక. అతికించేసినదైతే అంచు సందులో సన్నని బ్లేడు దూర్చి జాగ్రత్తగా చీల్చి, టేపు చుట్టలు రెంటినీ స్క్రూల డబ్బాలోకి మార్చాలి. టేపు తెగి ఉంటే మామూలు సెల్లోటేపుతో అతకకండి. దాని జిగురు పక్కలకు కారి పై పొరకు అంటుకుంటుంది. స్ప్లైసింగ్ టేపు అనే ప్రత్యేకమైనది ఉంది, దాన్ని 3.8 మి.మీ. వెడల్పు క్యాసెట్ టేపుకు సరిపడేలా కోసి, ఎప్పుడూ వెనక వైపే అంటించండి. వెనక వైపంటే పాడేటప్పుడు హెడ్‌కు ఆనని వైపు.

వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ నాలుకలు విరిచేయండి. పొరపాటున రికార్డు మీట నొక్కినా ఇక ఏమీ చెరగదు.

సీ-60 అంటే వైపుకు 30 నిమిషాలు, సీ-90 అంటే 45. సీ-120లో టేపు మరీ పల్చన, కచేరీ మొత్తం ఒకే వైపు పట్టాలని చాలామంది అదే కొనేవారు. దాన్ని వేగంగా ముందుకు వెనక్కు తిప్పితే మెలికపడి రోలర్‌కు చుట్టుకుంటుంది. సీ-120 దొరికితే వేగంగా తిప్పకుండా ప్లే వేగంతోనే నడపండి. మిగతావాటిని మాత్రం కంప్యూటర్లోకి ఎక్కించే ముందు ఒకసారి ఆ చివరిదాకా, మళ్ళీ ఈ చివరికి ఆపకుండా తిప్పాలి. ఏళ్ళ తరబడి ఒకే స్థితిలో ఉన్న చుట్ట అప్పుడు సర్దుకుంటుంది.

డెక్

ఇంటర్నెట్‌లో దొరికే చవక యూఎస్‌బీ వాక్‌మన్ తరహా యంత్రాలు ఈ పనికి పనికిరావు. వాటి వేగం నిలకడగా ఉండదు, స్వరం ఊగుతుంది. ఇంట్లో మూల పడి ఉన్న స్టీరియో డెక్ బాగుచేయించుకోవడం నయం. లేదంటే బెంగళూరులో ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే ఎస్పీ రోడ్డు చుట్టుపక్కల గల్లీల్లో పాతవి దొరుకుతాయి. కొనేటప్పుడు మీ అపురూపమైన టేపు పెట్టి పరీక్షించకండి, పోయినా బాధలేని క్యాసెట్ ఒకటి జేబులో వేసుకెళ్ళండి.

పాత డెక్‌లో మొట్టమొదట పోయేది రబ్బరు బెల్టు. సాగిపోయి ఉంటుంది, లేదా కరిగి తారులా పుల్లీలకు అంటుకుని ఉంటుంది. తారయితే చేతి తొడుగులు వేసుకుని 99 శాతం ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్స్‌తో పుల్లీల గాడి మెరిసేదాకా తుడవాలి. కొత్త బెల్టు కొలతకు పాతదాన్ని తీసుకెళ్తే అది సాగి ఉంటుంది కాబట్టి కొలత తప్పుతుంది. పుల్లీల చుట్టూ బెల్టు నడిచే దారిలో దారం చుట్టి, ఆ పొడవుకు 5 నుంచి 8 శాతం తగ్గించి అడగండి. మరీ బిగుతైతే మోటారు బేరింగు మీద భారం పడుతుంది, ఒదులైతే పాట సాగుతుంది.

హెడ్, క్యాప్‌స్టన్ అనే ఉక్కు కడ్డీ రెంటినీ అదే ఆల్కహాల్‌తో తుడవండి. గోధుమరంగు మరక రావడం ఆగేదాకా బడ్స్ మార్చాలి. నల్లని రబ్బరు పించ్ రోలర్‌కు మాత్రం తరచూ ఆల్కహాల్ వాడితే రబ్బరు బిరుసెక్కుతుంది. గోరువెచ్చని నీళ్ళలో చుక్క సబ్బుతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. అప్పటికే అద్దంలా మెరుస్తూ గట్టిపడి ఉంటే మార్చడమే, టేపు నమిలేసే డెక్‌లలో దోషం చాలాసార్లు దానిదే.

వేగం సరిచూడటానికి 3,150 హెర్ట్జ్ పరీక్ష టేపు ఉంటే మంచిది. లేకపోతే అచ్చయిన క్యాసెట్ ఒకటి తీసుకుని, అందులో ఒక పాట నిడివిని అదే రికార్డింగు స్ట్రీమింగ్ నిడివితో పోల్చండి. 4 నిమిషాల పాటకు డెక్ 5 సెకన్లు ఎక్కువ తీసుకుంటే సుమారు 2 శాతం నెమ్మదిగా ఉన్నట్టు. చాలా డెక్‌లలో మోటారు వెనక చిన్న రంధ్రంలో స్క్రూ ఉంటుంది, సన్నని స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి తిప్పి సరిచేయొచ్చు.

అజిముత్, డాల్బీ

కచేరీ టేపులకు ప్రాణం పోసేది అజిముత్, అంటే టేపుకు హెడ్ ఆనే కోణం. రికార్డు చేసిన యంత్రం హెడ్ ఒక కోణంలో ఉంది, మీ డెక్ హెడ్ ఇంకో కోణంలో ఉంది. ఆ తేడా చిన్నదే అయినా సింబల్స్, గిటార్ తీగల మెరుపు, ఎస్‌, ష అనే శబ్దాలు మాయమైపోతాయి. హెడ్‌కు ఇరువైపులా ఉన్న స్క్రూలలో కింద స్ప్రింగు ఉన్నది అజిముత్ స్క్రూ. స్ప్రింగు లేనిది ముట్టకండి. మొదట ఉన్న స్థితిని గోళ్ళరంగు చుక్కతో గుర్తుపెట్టుకుని, టేపు పాడుతుండగా, రెండు ఛానెళ్ళనూ మోనోగా కలిపి వింటూ ఎనిమిదో వంతు తిప్పు కన్నా మించకుండా అటూ ఇటూ కదపండి. కోణం తప్పితే శబ్దం గొట్టంలోంచి వచ్చినట్టు ఉంటుంది, కుదిరినప్పుడు తెర తొలగినట్టు సింబల్స్ తేటపడతాయి. ప్రతి టేపుకూ, కొన్నిసార్లు టేపు రెండో వైపుకు కూడా ఇది మళ్ళీ చేయాలి. విసుగే కానీ, కంప్యూటర్లో ట్రెబుల్ పెంచితే ఇది రాదు. టేపులోంచి చదవని శబ్దాన్ని ఈక్వలైజర్ పుట్టించలేదు, బుస శబ్దాన్ని మాత్రం పెంచుతుంది.

టేపు బుస తగ్గించే డాల్బీ బటన్ విషయంలో ఒకటే నియమం: డాల్బీతో రికార్డు చేసినదైతేనే నొక్కాలి. చేతిలో పట్టుకునే రికార్డర్లలో డాల్బీ ఉండేది తక్కువ. సందేహముంటే ఆపేసి ఎక్కించండి.

చిన్న రికార్డర్లు చాలావరకు మోనో. అలాంటి టేపు స్టీరియో డెక్‌లో రెండు ఛానెళ్ళలోనూ వినిపిస్తుంది. ఒక ఛానెల్ దెబ్బతిని ఉంటే రెండోదాన్నే ఉంచుకోండి.

కొన్ని దోషాలకు మందు లేదు, వాటి మీద రాత్రుళ్ళు వృథా చేయకండి. డ్రమ్ము మోగినప్పుడల్లా గొంతు అణిగి, మళ్ళీ మెల్లగా పైకి లేస్తుంటే అది రికార్డర్‌లోని ఆటోమేటిక్ లెవెల్ కంట్రోల్ చేసిన పని. బాస్ వచ్చినప్పుడు బరబరమంటే స్పీకరు ముందు మైకు తట్టుకోలేకపోయింది.

శృతి తప్పిన కచేరీ

బ్యాటరీలు నీరసించిన రికార్డర్ నెమ్మదిగా తిరిగింది. ఇప్పుడు సరైన వేగంతో పాడిస్తే గాయకుడి గొంతు సన్నగా, పాట హడావుడిగా వినిపిస్తుంది. కచేరీ సాగేకొద్దీ ఇది పెరుగుతుంది కూడా, ఎందుకంటే బ్యాటరీలు ఇంకా దిగుతుంటాయి. అడాసిటీ అనే ఉచిత ఆడియో సాఫ్ట్‌వేర్‌లో వేగాన్నీ శృతినీ కలిపి మార్చే ఎఫెక్టు వాడండి. శృతి ఒక్కటే మార్చేది వాడితే లయ తప్పుగానే మిగులుతుంది. ఒక సెమీటోన్ (శృతిలో అర మెట్టు) అంటే వేగంలో దాదాపు 6 శాతం అని గుర్తుంచుకుంటే లెక్క తేలిక.

ఎంత మార్చాలి? పాటల మధ్య నిశ్శబ్దంలో స్పీకర్ల గుయ్‌మనే కరెంటు శబ్దం ఉంటే దాన్ని స్పెక్ట్రమ్‌లో (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దముందో చూపే గ్రాఫులో) చూడండి. అది 50 హెర్ట్జ్‌కు, దాని రెట్లయిన 100, 150లకు దగ్గర ఉండాలి. 150 దగ్గర ఉండాల్సింది 156 దగ్గర కనిపిస్తే టేపు 4 శాతం వేగంగా నడుస్తున్నట్టు. దీన్ని గుడ్డిగా నమ్మడానికి లేదు. 1990ల్లో గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50కి బాగా కిందికి పడేది, పైగా మైదానంలో కచేరీలు జనరేటర్ మీద నడిచేవి. కాబట్టి చివరి తీర్పు శృతికే ఇవ్వండి. బ్యాండు వాయించిన పాట తెలిసినదైతే ఒరిజినల్‌తో పోల్చండి. కొన్ని బ్యాండ్లు గిటార్లను అర మెట్టు కిందికి దించి వాయిస్తాయి కాబట్టి, రెండు మూడు పాటలు చూశాకే నిర్ణయించాలి. కీబోర్డు ఉన్న పాట దొరికితే ఇంకా మంచిది, దాని శృతి వానకూ చలికీ మారదు.

రికార్డుల సంగతి

ముందు షెల్లాక్ (లక్కతో చేసిన పాత 78) రికార్డులనూ, వినైల్ (తర్వాతి ప్లాస్టిక్) రికార్డులనూ విడదీయండి. బ్రిటన్‌లో 78 వేగపు రికార్డులు 1960 నాటికి ఆగిపోతే, మన దేశంలో గ్రామఫోన్ కంపెనీ 1960ల మధ్య దాకా అచ్చువేస్తూనే ఉంది. చావి తిప్పే పాత గ్రామఫోన్లున్న ఇళ్ళు అప్పటికి ఇంకా చాలా ఉండటమే కారణం. అందుకే బీటిల్స్ పాటలు 78 రికార్డులుగా కూడా ఇక్కడ వచ్చాయి, ప్రపంచంలోని సేకర్తలు వాటి కోసం వెతుకుతుంటారు. అవి బరువుగా, పెళుసుగా ఉంటాయి, కింద పడితే పలకలా పగులుతాయి. వాటికి ఆల్కహాల్ తగలనివ్వకండి. షెల్లాక్ ఆల్కహాల్‌లో కరుగుతుంది. గాడి కళ్ళముందే మసకబారిపోతుంది. డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన మెత్తని బట్టతో తుడిచి వెంటనే ఆరబెట్టాలి. 78 గాడి వెడల్పు కనుక సూది కూడా వేరు. సుమారు 3 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) సూది కావాలి, ఎల్‌పీ సూది 0.7 నుంచి 1 మిల్. ఎల్‌పీ సూది 78 గాడి అడుగున అటూ ఇటూ దొర్లుతుంది, గరగర ఎక్కువగా వినిపిస్తుంది.

వినైల్‌కు ద్రావణం: డిస్టిల్డ్ వాటర్ 800 మి.లీ., 99 శాతం ఐసోప్రొపిల్ ఆల్కహాల్ 200 మి.లీ., ఫోటో ఫిల్ము కడిగేటప్పుడు వాడే వెట్టింగ్ ఏజెంట్ 4, 5 చుక్కలు. ఈ లీటరు 50 ఎల్‌పీల దాకా వస్తుంది. వెట్టింగ్ ఏజెంట్ లేకపోతే నీళ్ళు ముత్యాల్లా పైపైనే నిలుస్తాయి, గాడి అడుగుకు దిగవు. ఎక్కువైతే జిడ్డు పొరలా మిగిలి సూది మొనకు పేరుకుంటుంది. ఆల్కహాల్ ఎస్పీ రోడ్డులో సర్క్యూట్ బోర్డులు తుడవడానికి అమ్ముతారు. సర్జికల్ స్పిరిట్, శానిటైజర్ వద్దు, వాటిలో కలిపే ఇతర పదార్థాలు గాడిలో మిగిలిపోతాయి. కుళాయి నీళ్ళు కూడా వద్దు. బెంగళూరు బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ, బకెట్టు అంచున పట్టే తెల్లని పొరే గాడిలోనూ పట్టి టిక్‌టిక్‌మంటుంది.

కార్బన్ ఫైబర్ బ్రష్షుతో పొడి దుమ్ము ముందు తీయండి. లేబుల్‌కు తడి తగలకుండా మూత పెట్టి, ద్రావణం ఒక వైపుకు 10 మి.లీ. పోసి, మెత్తని బ్రష్షుతో గాడి వెంబడే గుండ్రంగా మూడు నాలుగు చుట్లు తిప్పండి. అడ్డంగా రుద్దడం అస్సలు చేయకూడదు. అర నిమిషం నాననిచ్చి, మైక్రోఫైబర్ బట్టతో పీల్చి, ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి అలాగే చేయండి. కడిగి తీయడం మానేస్తే కరిగిన మురికి ఆరి మళ్ళీ అడుగునే గట్టిపడుతుంది. శుభ్రం చేశాక శబ్దం ఇంకా ఎక్కువైంది అనేవాళ్ళు తప్పు చేసేది ఇక్కడే. వంటింట్లో ప్లేట్లు నిలబెట్టే స్టాండులో అరగంట ఆరనిచ్చి, కొత్త లోపలి కవర్లో పెట్టండి. పాత కవర్లో పెడితే పాత దుమ్మే తిరిగొస్తుంది. ఇక వుడ్ గ్లూ పూసి ఒలిచే పద్ధతి ఇంటర్నెట్‌లో కనిపిస్తుంది, దాన్ని ఫెవికాల్‌తో ప్రయత్నించకండి. పొర మధ్యలో తెగితే గాడిలో ఇరుక్కున్న ముక్క మళ్ళీ రాదు.

వంగిన రికార్డును రెండు 6 మి.మీ. అద్దాల మధ్య పెట్టి, పైన నాలుగైదు కిలోల బరువు సమంగా పరిచి వారాల తరబడి వదిలేయండి. ఓవెన్, ఎండ, ఇస్త్రీపెట్టె చిట్కాలు వద్దు. రికార్డు సాఫయినా వేడికి గాడి రూపం చెడుతుంది.

ప్లేయర్‌తో వచ్చే చిక్కులు

హెచ్‌ఎంవీ ఫియెస్టా లాంటి సూట్‌కేస్ ప్లేయర్లలో ఉండేది సెరామిక్ కార్ట్రిడ్జ్ (సూది కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగం). సూది మీద పడే బరువు 5 గ్రాముల చుట్టూ ఉంటుంది, ఇప్పటి మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్‌కు 2 గ్రాములు చాలు. ఆ సెరామిక్ కార్ట్రిడ్జ్ నీలమణి సూది కొన్ని పదుల గంటల్లోనే అరిగిపోతుంది, వజ్రపు సూది కొన్ని వందల గంటలు వస్తుంది. తాతగారి జ్ఞాపకంగా ఆ ప్లేయర్‌ను హాల్లో పెట్టుకోండి, మంచి స్టీరియో ఎల్‌పీ మాత్రం దాని మీద పెట్టొద్దు.

అమెరికా నుంచి బంధువులు తెచ్చిన టర్న్‌టేబుల్‌కు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే పని అయిపోయిందనుకుంటారు. అది 230 వోల్టులను 110కి దించుతుంది, 50 హెర్ట్జ్‌ను 60 చేయలేదు. ఏసీ సింక్రోనస్ మోటారున్న (కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి తిరిగే) పాత మోడల్ అయితే 33⅓ బదులు 28 చుట్లకు దగ్గరగా తిరుగుతుంది, ఎల్విస్ కూడా నిద్రమత్తులో పాడినట్టుంటాడు. 50 హెర్ట్జ్ పుల్లీ దొరికితే మార్చాలి. డీసీ మోటారు, డైరెక్ట్ డ్రైవ్ మోడళ్ళలో ఈ తంటా లేదు.

సూది బరువును ఆర్మ్ వెనక అంకెల మీద నమ్మకుండా, 0.01 గ్రాము చూపించే చిన్న డిజిటల్ త్రాసుతో కొలవండి. తయారీదారు చెప్పిన పరిధిలో పై సగంలో ఉంచడం మేలు. బరువు తక్కువైతే రికార్డుకు మంచిదనుకోవడం అపోహ, తేలికైన సూది గాడిలో గెంతుతూ గోడలను చెక్కుతుంది.

ఎల్‌పీ చెక్కేటప్పుడు బాస్ తగ్గించి, ట్రెబుల్ పెంచుతారు. బాస్‌ను ఉన్నదున్నట్టు చెక్కితే గాడి పక్క గాడిలోకి దూసుకెళ్తుంది, వైపుకు ఇరవై నిమిషాలు పట్టదు. దీన్ని తిరగేసి సరిచేసేది ఫోనో ప్రీ-యాంప్, ఆ లెక్క పేరు ఆర్‌ఐఏఏ. అది లేకుండా నేరుగా కంప్యూటర్‌కు కలిపితే శబ్దం పీలగా, రేకులా వస్తుంది. ప్లేయర్ లోపల ఒకటి ఉండగా యాంప్లిఫయర్ ఫోనో సాకెట్‌లో కూడా పెడితే రెండుసార్లు సరిదిద్దినట్టయి బొంగురుగా పగులుతుంది. గుయ్‌మనే శబ్దం వస్తుంటే ప్లేయర్ నుంచి వచ్చే సన్నని గ్రౌండ్ వైరు యాంప్లిఫయర్ వెనక స్క్రూకు బిగించారో లేదో చూడండి.

చిక్‌పేట ఆదివారం సంతలోనో, పాత సామాన్ల కొట్లోనో ఎల్‌పీలు కొనేటప్పుడు మెరుపు చూసి మోసపోకండి. కొబ్బరినూనె రాసినా మెరుస్తుంది. వెలుతురుకు వాల్చి చూడండి, గాడి బూడిదరంగు తిరిగితే బరువు సూదులతో అరిగినట్టు. పాడించే వీలుంటే ప్రతి వైపూ చివరి పాట వినండి. బయటి అంచున గాడి సూది కింద సెకనుకు 50 సెం.మీ. పరుగెత్తితే, లోపలికి వచ్చేసరికి 20 సెం.మీ.కు పడిపోతుంది. అంత ఇరుకులో అరుగుదల ముందు వినిపిస్తుంది. చివరి పాట శుభ్రంగా ఉంటే మొదటిది బాగుంటుందనే లెక్క.

కంప్యూటర్లోకి

లాప్‌టాప్ మైకు రంధ్రంలో డెక్‌ను గుచ్చకండి. అది చాలావాటిలో మోనో, పైగా మైకు స్థాయి సిగ్నల్ కోసం చేసింది. లైన్-ఇన్ ఉన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ కావాలి. టేపులకు 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ సరిపోతుంది. ఎల్‌పీలకు 96 పెట్టుకోవాలనుకుంటే నిమిషానికి సుమారు 35 ఎంబీ అవుతుంది, 40 నిమిషాల ఎల్‌పీకి 1.4 జీబీ. అన్నిటికన్నా గట్టిగా మోగే చోటు ముందు వెతికి, అక్కడ మీటరు మైనస్ 6 డీబీ దాటకుండా పెట్టండి. సున్నా తాకి తెగిన శిఖరం తర్వాత అతకదు. రికార్డవుతున్నంతసేపూ లాప్‌టాప్ నోటిఫికేషన్లు, నిద్ర సెట్టింగు ఆపేయండి.

మొదట తీసిన ఫైలును ఫ్లాక్‌గా (నాణ్యత తగ్గకుండా కుదించే ఫైలు రకం) దాచి, దాన్ని ఎప్పుడూ ముట్టకండి. మరమ్మతులన్నీ నకలు మీదే. క్లిక్కుల తొలగింపు తక్కువలో పెట్టండి, ఎక్కువైతే డ్రమ్ము దెబ్బలనే క్లిక్కులనుకుని మింగేస్తుంది. కచేరీ టేపుల మీద నాయిస్ రిడక్షన్ దాదాపు వాడనక్కర్లేదు. జనం గోల అంతటా పరుచుకున్న శబ్దం, దాన్ని తీయబోతే పాట నీళ్ళలోంచి వినిపించినట్టు గులగులమంటుంది. ఈలలు, ఎవరో ముందు వరుసలో తెలుగులో వేసిన కేకలు అలాగే ఉండనివ్వండి. వాటిని తీసేస్తే నాసిరకం స్టూడియో రికార్డింగు మిగులుతుంది, అంతే.

సొంతంగా వినడం వేరు, పాటల హక్కులు ఇంకొకరివి కాబట్టి యూట్యూబ్‌లో ఎక్కించడం వేరు. ఆ బ్యాండు కుర్రాళ్ళు ఇప్పుడు పెద్దవాళ్ళయి ఎక్కడో ఉంటారు, ముందు వాళ్ళను వెతికి అడగడం మర్యాద.

పేరు లేని టేపును గుర్తుపట్టడం

పెదనాన్ననో మావయ్యనో పిలిచి "ఇది ఏ కచేరీ?" అంటే "ఏమోరా, గుర్తులేదు" అనే వస్తుంది. 30 సెకన్ల ముక్క వినిపించి అడగండి. ఎక్కడ నిలబడ్డారు, ఎవరితో వెళ్ళారు, ఏ రికార్డర్, చదువుకునేటప్పుడా ఉద్యోగంలోనా అని అడిగితే సంవత్సరం దానంతట అదే తేలుతుంది. ఆయన చెప్పేది ఫోన్లో రికార్డు చేసి ఆ ఫోల్డర్లోనే పెట్టండి.

యంత్రం కూడా కాలం చెబుతుంది. ప్యాలెస్ గ్రౌండ్స్‌లో 2002లో రోజర్ వాటర్స్, 2003 ఏప్రిల్ 4న రోలింగ్ స్టోన్స్, 2007 మార్చి 17న ఐరన్ మెయిడెన్, 2011 అక్టోబర్ 30న మెటాలికా వాయించారు. మొదటి రెంటికీ క్యాసెట్, మినీడిస్క్ ఉండొచ్చు. తర్వాతవి పాత ఫోన్ల మెమరీ కార్డుల్లో త్రీజీపీ, ఏఎంఆర్ ఫైళ్ళుగా ఉంటాయి. కాబట్టి డ్రాయర్లో పాత నోకియాలు ఉంటే అమ్మే ముందు కార్డు తీసి చూడండి. ఏఎంఆర్ మామూలుగా సెకనుకు 8 వేల శాంపిళ్ళే పట్టుకుంటుంది, దాన్ని బాగుచేయబోకుండా ఉన్నదున్నట్టు నకలు తీసుకోండి.

టికెట్టు ముక్కలను 600 డీపీఐలో ముందు స్కాన్ చేయండి. థర్మల్ కాగితం మీద అచ్చయినవైతే వేడికీ, పీవీసీ ఫోల్డర్లకూ అక్షరాలు వెలిసిపోతాయి. లామినేషన్ యంత్రంలో పెడితే ఆ వేడికి ఒక్కసారిగా నల్లబడతాయి. పాలిస్టర్ కవర్లో గానీ, తెల్లని ఆమ్లరహిత కాగితంలో గానీ ఉంచండి.

తిరిగి సర్దడం

ఎల్‌పీలను నిలువుగా, వాలకుండా పెట్టాలి. వంద ఎల్‌పీలు పాతిక కిలోలకు దగ్గరగా తూగుతాయి, పుస్తకాల పల్చని షెల్ఫు వంగిపోతుంది. మళ్ళీ అటక ఎక్కించకండి, స్లాబు కింది వేడి వాటికి పడదు. క్యాసెట్లను చివరిదాకా తిప్పి, డబ్బాలో నిలబెట్టి, స్పీకర్లకూ యూపీఎస్‌కూ దూరంగా ఉంచండి. నాఫ్తలీన్ ఉండలు వేయొద్దు, వాటి ఆవిరికి క్యాసెట్ డబ్బాల పాలీస్టైరీన్ ప్లాస్టిక్ మెత్తబడి అంటుకుపోతుంది. జూన్ నుంచి అక్టోబర్ దాకా సిలికా జెల్ పొట్లాలు పెట్టి, నెలకోసారి ఆరబెట్టి మార్చండి.

ఫైళ్ళు రెండు వేర్వేరు డిస్కుల్లో, ఒకటి ఇంకో ఊళ్ళో బంధువుల ఇంట్లో ఉండాలి. ఎక్కించేశాం కదా అని టేపును పారేయొద్దు, రేపు ఇంకా మంచి డెక్ దొరికితే మళ్ళీ తీయొచ్చు. డబ్బా లోపల ఫైలు పేరు, తీసిన తేదీ, వాడిన డెక్, డాల్బీ ఉందో లేదో, వేగం ఎంత శాతం మార్చారో పెన్సిల్‌తో రాసిన చీటీ పెట్టండి.